సరిహద్దు కోట చరిత్రను రాయడం ఎలా: బూన్స్‌బరో ఉదాహరణగా

తొలి వలసదారులు తలదాచుకున్న సరిహద్దు కోట గురించి రాయాలని కూర్చున్నవారికి మొదటి రోజే చేతినిండా సమాచారం దొరుకుతుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఆ సమాచారంలో చాలా భాగం ఒకటి రెండు పాత రాతల నుంచి తరతరాలుగా ఎత్తి రాసుకుంటూ వచ్చినదే. అందువల్ల ఈ పనిలో ప్రధానమైన మెలకువ ఒక్కటే: ప్రతి వాక్యాన్నీ ఎవరు, సంఘటన జరిగిన ఎన్నేళ్లకు, ఏ అవసరం కొద్దీ రాశారో తేల్చుకుని, ఆ తర్వాతే దాన్ని మన రచనలోకి రానివ్వడం. ఈ పద్ధతిని ఊరికే సూత్రాలుగా చెబితే పట్టుబడదు కనుక, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 1775లో మొదలైన బూన్స్‌బరో కోటను ఆసాంతం ఉదాహరణగా తీసుకుంటున్నాను. సరిహద్దు అడవుల్లో వేటగాడిగా, దారి చూపేవాడిగా పేరుపడ్డ డేనియల్ బూన్‌తో ముడిపడిన కోట కావడంతో దాని చుట్టూ కథలు దండిగా పేరుకున్నాయి. నిజాన్ని వాటి నుంచి విడదీయడానికి తగిన ఆధారాలు కూడా అంతే దండిగా మిగిలాయి.

కోటకు ముందు నేల సంగతి

చాలామంది తమ రచనను మొదటి దుంగ నరికిన రోజుతో ఆరంభిస్తారు. అలా చేయకండి. కోట నిలిచిన నేల అంతకుముందు ఎవరిది, అది ఏ ఒప్పందం మీద చేతులు మారింది, ఆ ఒప్పందాన్ని ఎవరు ఒప్పుకోలేదు అనే మూడు ప్రశ్నలకు జవాబు రాసుకున్న తర్వాతే గోడల దగ్గరికి రండి, ఎందుకంటే ఆ గోడలు ఎందుకు అవసరమయ్యాయో ఈ జవాబుల్లోనే తెలుస్తుంది.

బూన్స్‌బరో విషయంలో ఈ వరుస ఇలా ఉంటుంది. అపలాచియన్ పర్వతాలకు పడమట వలసదారులు స్థిరపడరాదని బ్రిటిష్ రాజు 1763లో ప్రకటన చేశాడు. 1774 అక్టోబరు 10న పాయింట్ ప్లెజంట్ దగ్గర వర్జీనియా సేనలతో జరిగిన యుద్ధం తర్వాత, ఓహాయో నదికి దక్షిణాన వేటాడబోమని షానీ అనే మూలవాసుల జాతి నాయకులు కొందరు ఒప్పుకోవలసి వచ్చింది. షానీలలో అందరూ ఆ మాటకు కట్టుబడలేదు. 1775 మార్చిలో రిచర్డ్ హెండర్సన్ అనే ఉత్తర కరొలైనా న్యాయవాది, తన ట్రాన్సిల్వేనియా కంపెనీ తరఫున, సైకమోర్ షోల్స్ వద్ద చెరోకీ అనే మరో మూలవాసుల జాతి పెద్దల నుంచి దాదాపు 2 కోట్ల ఎకరాలను 10,000 పౌండ్ల విలువగల సరుకులకు కొన్నానన్నాడు. రాజు ప్రకటన ప్రకారం ప్రైవేటు వ్యక్తులు అలా కొనడానికే వీల్లేదు. చెరోకీలలోనే డ్రాగింగ్ కనూ అనే నాయకుడు దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. షానీలనైతే ఎవరూ అడగనే లేదు. ఇంత వివాదంలో ఉన్న నేల మీదికి బూన్ ముప్పై మంది వరకు గొడ్డలివాళ్లతో కంబర్లాండ్ కనుమ గుండా దారి కొట్టుకుంటూ వెళ్లాడు. ఈ నేపథ్యాన్ని మీరు ఒకటి రెండు పేరాల్లో స్పష్టంగా చెప్పగలిగితే, ఆ తర్వాత వచ్చే ప్రతి దాడికీ కారణం పాఠకునికి దానంతటదే అర్థమవుతుంది. చెప్పకపోతే మూలవాసులు ఏ కారణమూ లేకుండా అడవిలోంచి ఊడిపడినట్లు కనిపిస్తారు. పాత పుస్తకాలు చేసిన అన్యాయం అదే.

ఆధారాలను కాలక్రమంలో పేర్చడం

తర్వాతి పని ఒక పెద్ద కాగితం మీద దొరికిన ఆధారాలన్నింటినీ అవి పుట్టిన సంవత్సరాన్ని బట్టి వరుసగా పేర్చడం. సంఘటన జరిగిన సంవత్సరం ఒక వైపు, దాని గురించి రాసిన సంవత్సరం మరొక వైపు వేస్తే, రెండింటి మధ్య ఎడం కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

బూన్స్‌బరోకు అన్నింటికన్నా దగ్గరి ఆధారాలు రెండు. మొదటిది, బూన్ 1775 ఏప్రిల్ 1న హెండర్సన్‌కు రాసిన ఉత్తరం. మార్చి 25న తెల్లవారకముందే తమ మీద కాల్పులు జరిగాయనీ, ఒటర్ క్రీక్ ముఖద్వారం దగ్గర వెంటనే కోట కట్టబోతున్నామనీ, త్వరగా రావాలనీ అందులో ఉంది. రెండవది హెండర్సన్ దినచర్య. తాను ఏప్రిల్ 20న అక్కడికి చేరినప్పుడు సుమారు 25 తుపాకులు పేల్చి స్వాగతం పలికారనీ, కోటలో అప్పుడున్నవి అంతేననీ ఆయన రాసుకున్నాడు. దానిని స్వాగత వర్ణనగా చదివి దాటిపోతే నష్టపోతాము. చరిత్రకారునికి ఆ వాక్యం ఒక జనాభా లెక్క: మూడు వారాల వయసున్న ఆ స్థావరంలో ఆయుధం పట్టగలవారు ఎందరో అది చెబుతోంది. దినచర్యలు చదివేటప్పుడు ఇలా రచయిత యథాలాపంగా విడిచిపెట్టిన సంఖ్యల కోసం చూడండి. ఆయన గొప్ప కోసం చెప్పిన సంఖ్యలకన్నా ఇవి నమ్మదగినవి.

అదే దినచర్యలో ఫిర్యాదులు కూడా బోలెడు. వేటకు వెళ్లేవారు రానురాను 15, 20, చివరికి 30 మైళ్లు పోవలసి వస్తోందని ఆయన వాపోయాడు. మే 23న నాలుగు స్థావరాల ప్రతినిధులతో ఒక పెద్ద ఎల్మ్ చెట్టు కింద తొలి సభ జరిగినప్పుడు, వేట జంతువులను కాపాడే చట్టాన్ని బూన్ ఎందుకు ప్రతిపాదించాడో ఈ ఫిర్యాదును పక్కన పెట్టుకుంటేనే బోధపడుతుంది.

ఈ దగ్గరి ఆధారాల తర్వాత పెద్ద ఎడంతో వచ్చేది జాన్ ఫిల్సన్ 1784లో అచ్చువేసిన కెంటకీ వర్ణన. బూన్ స్వయంగా చెబుతున్నట్లు ఉత్తమ పురుషలో సాగే కథనం అందులో ఉంది. వివరాలు చాలావరకు బూన్ చెప్పినవే అయినా, భాష ఫిల్సన్‌ది. పైగా ఆ పుస్తకం కొత్త నేలకు కొనుగోలుదారులను ఆకర్షించడానికి పుట్టినది. ఫిల్సన్‌కు స్వయంగా కెంటకీలో భూములున్నాయి. ఆ తర్వాత మరో పెద్ద ఎడం: లైమన్ డ్రేపర్ అనే సేకర్త 19వ శతాబ్దం మధ్యలో వృద్ధ వలసదారులను, వారి పిల్లలను కలిసి, బూన్ కుమారుడు నేథన్‌తో 1851లో దీర్ఘంగా మాట్లాడి, రాసిపెట్టిన సంపుటాలు. విస్కాన్సిన్ చారిత్రక సంఘం వద్ద ఉన్న ఈ సంపుటాలు సరిహద్దు చరిత్ర రాసే ఎవరికైనా తప్పనిసరి గని. అయితే ఏ కాగితం 1778 నాటి అసలు ఉత్తరమో, ఏది డెబ్భై ఏళ్ల తర్వాత మనుమడు చెప్పిన మాటో విడదీయకుండా అక్కడి నుంచి తవ్వి తెస్తే లాభం లేదు.

ఒక సంఘటనను గీటురాయి మీద పెట్టడం

అన్ని సంఘటనలనూ ఒకే లోతున పరిశీలించే తీరిక ఎవరికీ ఉండదు. కోట జీవితంలో అతి ముఖ్యమైన ఒక్కదాన్ని ఎంచుకుని, దానికి దొరికిన సాక్ష్యాలన్నింటినీ పక్కపక్కన పెట్టి, వాక్యం వాక్యం పోల్చండి. ఏ సాక్షి ఏ విషయంలో నమ్మదగినవాడో ఈ ఒక్క కసరత్తుతో తెలిసిపోతుంది, ఆ తీర్పు మిగతా సంఘటనలకూ పనికివస్తుంది.

బూన్స్‌బరోకు అలాంటిది 1778లో షానీలు చేసిన ముట్టడి. ఆ ఫిబ్రవరి 7న, బ్లూ లిక్స్ దగ్గర ఉప్పు వండుతున్న బృందానికి వేటాడి మాంసం తెచ్చే పనిలో ఉన్న బూన్ షానీలకు పట్టుబడ్డాడు. తన మనుషులను ఎదిరించకుండా లొంగిపొమ్మని నచ్చజెప్పాడు. షానీ నాయకుడు బ్లాక్‌ఫిష్ అతణ్ని కొడుకుగా స్వీకరించాడు. జూన్ 16న తప్పించుకుని, 160 మైళ్లు నడిచి 20వ తేదీకి కోట చేరానని, దారిలో ఒక్కపూటే తిన్నానని ఫిల్సన్ కథనంలోని బూన్ అంటాడు. ఇక్కడివరకు పెద్ద పేచీ లేదు.

ముట్టడి దగ్గరికి వచ్చేసరికి లెక్కలు కలవవు. ఫిల్సన్ పుస్తకం ప్రకారం శత్రుసేన ఆగస్టు 8న వచ్చి 20న వెళ్లిపోయింది. సంఖ్య 444, వారితో డ్యూకేన్ అనే కెప్టెన్, మరో పదకొండు మంది ఫ్రెంచివాళ్లు. కానీ అదే సంవత్సరం అక్టోబరులో జాన్ బౌమన్ అనే సైనికాధికారి జార్జ్ రోజర్స్ క్లార్క్ అనే మరో సైనికాధికారికి రాసిన ఉత్తరంలో తేదీ సెప్టెంబరు 7, మూలవాసులు 330, ఫ్రెంచివాళ్లు 8 మంది. తేదీ విషయంలో ఏది తీసుకోవాలో తేల్చడం కష్టం కాదు. ఒకటి నెల తిరిగీ తిరగకముందు తోటి అధికారికి పంపిన నివేదిక, మరొకటి ఆరేళ్ల తర్వాత జ్ఞాపకం మీద చెప్పింది. అందుకే చరిత్రకారులు సెప్టెంబరునే స్థిరపరచుకున్నారు. సంఖ్య మాత్రం అంత తేలికగా తెగదు. ఇలాంటిచోట రెండు సంఖ్యలనూ ఎవరివో చెప్పి ఇవ్వడమే మర్యాద; సగటు తీసి మధ్యలో ఒక అంకె వేయడం అన్నింటికన్నా చెడ్డ పని, ఆ అంకెను ఏ సాక్షీ చెప్పి ఉండడు కనుక. ఇక డ్యూకేన్ అన్న పేరు డెట్రాయిట్‌లో బ్రిటిష్ వారి సేవలో ఉన్న డాన్యో ద కేంద్ర్ అనే అధికారి పేరు చెవికి తప్పుగా సోకడం వల్ల వచ్చినదని ఇప్పటి పరిశోధకుల అభిప్రాయం. పరాయి భాషా పేర్లు కనిపించినప్పుడల్లా అటు పక్షం వారి కాగితాలను కూడా చూడాలనడానికి ఇదొక్కటి చాలు.

ఫిల్సన్ కథనంలోనే ఉన్న మరొక సంఖ్య నన్ను చాలాసేపు ఆపింది. సేన వెళ్లిపోయాక 125 పౌండ్ల తుపాకి గుండ్లు నేల మీదినుంచి ఏరుకున్నామని, గోడల్లో దిగబడిపోయినవి వేరని అందులో ఉంది. శత్రువులు 37 మంది చచ్చారన్న మాటను నేను సందేహిస్తాను, ఎందుకంటే శవాలను వెంట తీసుకుపోయే ప్రత్యర్థిని గోడ చాటు నుంచి లెక్కపెట్టడం సాధ్యం కాదు, సొంత విజయాన్ని పెంచి చెప్పుకోవడం లోకసహజం. గుండ్ల సంగతి వేరు. అడవి నడుమ సీసం కరువైన చోట, దొరికిన ప్రతి గుండునూ ఏరి, తూచి, తిరిగి కరిగించి పోతపోసుకోవడం అవసరం. తూచినది మనుషులకు గుర్తుంటుంది. ఒకే సాక్షి ఒకే పేజీలో చెప్పిన రెండు సంఖ్యల్లో ఒకటి గట్టిది, ఒకటి బలహీనమైనది కావచ్చునని దీన్నిబట్టి గ్రహించాలి.

సాక్షి ఎక్కడ మౌనం వహించాడో కూడా గుర్తుపెట్టుకోవాలి. ముట్టడి ముగిశాక బూన్ మీద రిచర్డ్ కాల్వే, బెంజమిన్ లోగన్ అనే తోటి అధికారులు సైనిక విచారణ కోరారు. ఉప్పు బృందాన్ని శత్రువుకు అప్పగించాడని, ముట్టడికి ముందు సంధి పేరుతో కోట అధికారులను ప్రమాదంలోకి నెట్టాడని ఆరోపణలు. అతణ్ని నిర్దోషిగా తేల్చి, మేజరుగా పదోన్నతి కూడా ఇచ్చారు. ఇంత పెద్ద సంగతి ఫిల్సన్ కథనంలో లేనే లేదు. దాన్ని మనకు వివరంగా చెప్పినవాడు డేనియల్ ట్రబ్యూ అనే వలసదారుడు, అదీ 1827లో రాసుకున్న జ్ఞాపకాల్లో. యాభై ఏళ్ల ఎడం ఉంది కనుక వాదప్రతివాదాల మాటలను యథాతథంగా ఉటంకించకూడదు. కానీ బూన్ స్వయంగా దాచుకోదగిన విషయం కనుక విచారణ జరిగిందనడాన్ని తోసిపుచ్చలేము.

గోడలు నిజంగా ఎలా ఉండేవి

కోట అనగానే నాలుగు వైపులా కొయ్య కంచె, మూలల్లో బురుజులు, మధ్యలో జెండా గుర్తుకొస్తాయి. హెండర్సన్ గీయించిన నమూనా పటం ఈ బొమ్మకు దగ్గరగానే ఉంటుంది, 19వ శతాబ్దపు చిత్రకారులు దాన్నే నగిషీలు చెక్కి ప్రచారం చేశారు. కానీ పటం కట్టాలనుకున్నదానికి సాక్ష్యం, కట్టినదానికి కాదు. అసలు నిర్మాణంలో దుంగల గుడిసెలను వరుసగా కట్టి, వాటి వెనుక గోడలే కోట గోడలయ్యేట్లు చూసేవారు; గుడిసెల మధ్య ఖాళీలను పాతిన దుంగలతో మూసేవారు; మూలల్లో పై అంతస్తు కాస్త బయటికి పొడుచుకు వచ్చే బురుజు ఇళ్లు ఉండేవి. ఇదంతా ఒక్కసారిగా జరగలేదు. వచ్చినవారిలో చాలామంది గోడ కట్టడం మానేసి, తమకు కావలసిన భూమిని వెతుక్కుంటూ అడవిలోకి పోయేవారు. 1776 జులై 14న బూన్ కుమార్తె జెమీమాను, కాల్వే కుమార్తెలిద్దరినీ నది మీద పడవలో ఉండగా షానీ, చెరోకీ వీరులు ఎత్తుకుపోయినప్పుడు, మూడో రోజుకు వారిని విడిపించి తెచ్చినప్పుడు, కోట ఇంకా పూర్తి కాలేదు. బూన్ 1778 జూన్‌లో తిరిగివచ్చి చూసినప్పుడు కూడా బాగుచేయవలసిన స్థితిలోనే ఉంది. ముట్టడి భయంతోనే ఆ వేసవిలో గోడలు, బురుజులు సరిచేసి, లోపల బావి తవ్వడం మొదలుపెట్టారు.

కనుక గోడల గురించి రాసేటప్పుడు తప్పనిసరిగా ఏ సంవత్సరపు కోటనో చెప్పండి. ‘కోటకు నాలుగు బురుజులుండేవి’ అనే వాక్యం సంవత్సరం లేకుండా నిలబడదు.

చోటు విషయంలోనూ జాగ్రత్త అవసరం. బూన్ మొదట వేసిన గుడిసెల తావు హెండర్సన్‌కు నచ్చక, కొంత ఎడంగా, ఉప్పు ఊట అవతల పెద్ద కోటకు స్థలం చూశాడు. నేటి బూన్స్‌బరో రాష్ట్ర ఉద్యానవనంలో 1974లో కట్టిన నమూనా కోట మూడవ చోట, వరదకు అందని ఎత్తు మీద ఉంది. అసలు కోట నది ఒడ్డు పల్లంలో ఉండేది. 1980ల చివర నాన్సీ ఒమాలీ అనే పురావస్తు శాస్త్రవేత్త పరిశోధన దాని ఆనవాళ్లను గుర్తించింది. నమూనా కోట ముందు నిలబడి తీసిన ఫొటోకు ‘1775 నాటి కోట’ అని శీర్షిక పెట్టే పొరపాటు ఎంత విరివిగా జరుగుతుందో చెప్పనక్కర్లేదు. శత్రువులు నది గట్టు నుంచి కోట కిందికి సొరంగం తవ్వారనీ, వానలకు అది కూలిందనీ రాసేటప్పుడు, గుట్ట మీది నమూనాను మనసులో పెట్టుకున్న పాఠకునికి ఆ సంగతి తలకెక్కనే ఎక్కదు.

పేర్లు లేనివారిని వెతకడం

పాత పత్రాలు కోటలోని తుపాకి పట్టిన తెల్లవాళ్ల పేర్లు పూసగుచ్చినట్లు చెప్పి, మిగతావారిని సంఖ్యలుగానో, యజమాని పేరుకు తోకగానో వదిలేస్తాయి. 1775 ఏప్రిల్ నాటి బూన్ ఉత్తరంలో చనిపోయిన ట్విటీ పేరుంది, గాయపడిన వాకర్ పేరుంది. ట్విటీతోపాటు చనిపోయిన బానిసకు పేరు లేదు. అతని పేరు శామ్ అని వేరే చోట వెతికితేగాని తెలియదు. ముట్టడిలో మనవాళ్లు ఇద్దరు పోయారని ఫిల్సన్ కథనం ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరు డేవిడ్ బండ్రిన్, రెండవవాడు లండన్ అనే నల్లజాతి బానిస, కోట తరఫున పోరాడుతూ చనిపోయాడు. గోడకు అవతల, షానీల దుభాషిగా కోటవాసులతో కేకలేసి మాట్లాడిన పాంపీ కూడా నల్లజాతివాడే. అతనూ ఆ ముట్టడిలోనే హతుడయ్యాడు. ఒకే పోరాటంలో రెండు వైపులా ఇద్దరు నల్లవారు ప్రాణాలు విడిచారన్న ఈ సంగతి బూన్ కేంద్రంగా రాసిన చాలా కథనాల్లో కనీసం ఒక వాక్యానికైనా నోచుకోలేదు.

స్త్రీల జాడ వెతకడానికి పనుల జాబితా మంచి మార్గం. ఎవరు గుండ్లు పోతపోశారు, ఎవరు నీళ్లు తెచ్చారు, ఎవరు పశువులను లోపలికి తోలారు అని అడుగుతూ పోతే, డ్రేపర్ సేకరించిన మాటల్లో కుమార్తెలు, మనుమరాళ్లు చెప్పినవి ఎక్కువగా ఉపయోగపడతాయి. భర్త చనిపోయాడనుకుని 1778లోనే పిల్లలతో ఉత్తర కరొలైనాకు తిరిగిపోయిన రెబెకా బూన్ ముట్టడి సమయంలో కోటలో లేదు. పెళ్లయిన జెమీమా ఉండిపోయింది.

భూమి కాగితాలు

యుద్ధకథలు ముగిశాక విసుగనిపించే కాగితాల్లోకి దిగాలి. నా దృష్టిలో కోట చరిత్రకు వీటికి మించిన గట్టి ఆధారం లేదు. వర్జీనియా ప్రభుత్వం 1778లో హెండర్సన్ కొనుగోలు చెల్లదని తేల్చి, కంపెనీకి పరిహారంగా గ్రీన్ నది మీద 2 లక్షల ఎకరాలిచ్చింది. 1779 చట్టం ప్రకారం, 1778 జనవరి 1కి ముందు స్థిరపడినవారికి 400 ఎకరాల హక్కు, దాని పక్కన మరో 1,000 ఎకరాలను ముందుగా కొనుక్కునే అవకాశం దక్కాయి. దాంతో ఎవరు ఏ ఏట వచ్చారో, ఎక్కడ మొక్కజొన్న పండించారో కమిషనర్ల ముందు నిరూపించుకోవలసి వచ్చింది. ఆ ధ్రువపత్రాలు, తర్వాత దశాబ్దాలపాటు సాగిన హద్దుల దావాల్లో ముసలివాళ్లు ఇచ్చిన వాంగ్మూలాలు కోటలో ఎవరు ఎప్పుడున్నారో చెబుతాయి. వీటిలోనూ స్వార్థం ఉంటుంది, వచ్చిన తేదీని అసలుకన్నా ముందటిదిగా చెబితే భూమి వస్తుంది కనుక. కానీ అవతలి పక్షం లాయరు అడ్డుప్రశ్న వేసి ఉంటాడు, కుటుంబ గాథలకు ఆ పరీక్ష ఉండదు.

రచనను ముట్టడితో ఆపకండి. 1779 అక్టోబరులో బూన్స్‌బరోను పట్టణంగా, దాని రేవును అధికారిక పడవ రేవుగా వర్జీనియా గుర్తించింది. రేవు హక్కు పొందిన కాల్వే 1780 మార్చి 8న ఆ పడవ పని చేయిస్తుండగానే దాడిలో మరణించాడు. ఓహాయో నదికి ఉత్తరాన యుద్ధాలు ముగిసేకొద్దీ జనం గోడల అవసరం లేని తమ సొంత భూముల్లోకి తరలిపోయారు, వరదకు మునిగే పల్లం కావడంతో పట్టణమూ నిలదొక్కుకోలేదు, 19వ శతాబ్దం తొలి దశకాలకే అక్కడ చెప్పుకోదగ్గ ఊరు మిగలలేదు. ఈ తరుగుదలను పన్ను జాబితాల్లో, జనాభా లెక్కల్లో ఏటికేడు అనుసరించవచ్చు. ప్రతిని బయటపెట్టే ముందు షానీలకు సంబంధించిన భాగాన్ని వారి వైపు నుంచి కూడా చదివించండి. నేడు ఓక్లహోమాలో సమాఖ్య ప్రభుత్వ గుర్తింపు పొందిన షానీ జాతి ప్రభుత్వాలు మూడున్నాయి. బ్లాక్‌ఫిష్ వంటి పేర్లను వారు ఎలా పలుకుతారో, దత్తత ఆచారం గురించి ఏమంటారో ముందే లేఖ రాసి అడిగితే, జవాబు రావడానికి పట్టే వ్యవధిని కూడా మీ పని ప్రణాళికలో చేర్చుకోవచ్చు.